బద్దెల్లేని గిటారు, బుద్ధిలేని నేను

మా చెల్లెలి పెళ్ళిలో చర్చి నిండా ఉన్న జనం పెళ్ళికూతుర్ని వదిలేసి నన్నే చూశారంటే నమ్ముతారా? ఆ ఘనకార్యం ఎట్లా సాధించానో చెప్తాను. గట్టిగా మాత్రం నవ్వకండి. పక్కగదిలో మా ఆవిడ ఉంది.

అప్పట్లో సముద్రపొడ్డున మా జువ్వలదిన్నెలో తలుపులూ మంచాలూ చేసేవాణ్ణి. ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా ఒక గిటారు మొదలుపెట్టాను. చెల్లెలి పెళ్ళిపాటకు అదే మోగాలని నా పంతం. వాయించేది డేవిడన్న. హార్బరులో ఐసు అమ్ముతాడు, ఆదివారం చర్చిలో గిటారు ఆయనదే.

గిటారు పైచెక్క అప్పడమంత పల్చన. తీగల లాగుడుకు వంగకుండా దాని లోపలివైపు సన్న బద్దెలు అతికిస్తారు. నాకేమో జ్ఞానోదయమైంది: ఇన్ని బద్దెలు బిగిస్తే చెక్క మూలుగుతుంది గానీ పాడుతుందా? రెండే రెండు అతికించి, వెనకచెక్క మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. కనిపెట్టినవాడికి రహస్యం ఉండాలి కదండీ!

తీగలు బిగించి మీటితే, అబ్బ, చర్చి గంటే! డేవిడన్న కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏందబ్బయా ఈ మోత! లోపల ఏం పెట్టినావు?"

అంతే, నాకు అనుమానం పుట్టింది. లోపలి సంగతి ఈయనకెందుకు?

మర్నాడు చూస్తే తీగలు గిటారు మెడ మీంచి కాస్త పైకి లేచి ఉన్నాయి. ఆ మర్నాడు ఇంకాస్త. డేవిడన్న రోజూ సాయంత్రం సాధనకొచ్చి పోతున్నాడు. ఆయన పోయాకే ఇవి లేస్తున్నాయి! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడంటారు. ఆయన తడుముకోలేదు. ఆగలేక నేనే పోయి ఆయన భుజం తడిమి చూశాను.

"ఏంది తమ్ముడూ?"

"ఏం లేదన్నా, దుమ్ము."

గిటారును బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకున్నాను. తెల్లారి తీస్తే తీగలు ఇంకా లేచాయి. అనుమానం మా ఆవిడ రూతు మీదికి మళ్ళింది.

"బీరువా తెరిచినావా?"

"తాళంచెవి నీ మెళ్ళో ఉంటే నేనెట్లా తెరుస్తా?"

"డేవిడన్న నిన్నేమన్నా అడిగినాడా?"

"అడిగినాడు. నీకు ఒంట్లో బాగుందా అని."

పెళ్ళిరోజు వచ్చింది. పాస్టరు గారు పాట ప్రకటించారు. డేవిడన్న మైకు ముందు గిటారు ఎత్తుకుని, తీగల కింద చూపుడువేలు దూర్చి చూశాడు. హాయిగా దూరింది.

"తమ్ముడూ, తీగ నొక్కుడుకు అందడంలా. పైచెక్క కూడా పూరీ మాదిరి పొంగింది."

"పొంగదా మరి! రోజూ వచ్చి నువ్వు చేసిన నిర్వాకమే గదా!"

ఆ మాట మైకులో పడింది. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. నేను మద్దెలను నా చేత్తోనే ఓటిది చేసి, ఆడేవాణ్ణి తిట్టాను!

డేవిడన్న కోప్పడలేదు. ఫోను లైటు వేసి గిటారు రంధ్రంలోకి తొంగిచూశాడు.

"బద్దెలేవి అబ్బయా?"

"రెండే పెట్టినా."

"ఎందుకూ?"

"లోపల గాలాడాలని."

ఫట్! తీగల్ని పట్టుకునే కొయ్యముక్క పైచెక్కను పీక్కుని లేచి, వలలో చిక్కిన పీతలా తీగలకు వేలాడింది. చెల్లెలి ముఖం చూసి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. డేవిడన్న మాత్రం గిటారు పక్కన పెట్టి, చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నాడు. చర్చంతా అందుకుంది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని నవ్వింది.

పాట అయ్యాక పాస్టరు గారు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: "బైబిల్లో యెరికో కోట గోడలైనా బూరలు ఊదినాక కూలినాయి నాయనా. నీ గిటారు పాట మొదలుకాకముందే కూలిందే!"

డేవిడన్న చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాను. అక్కడే, పెళ్ళివారందరి ముందూ ప్రమాణం చేశాను: ఊపిరున్నంతవరకు ఏ గిటారులోనూ ఒక్క బద్దె తగ్గించను, ఏ మనిషినీ ఊరికే అనుమానించను. దీనికి సాక్షి డేవిడన్నే. సాక్షిగా ఉంటానని ఆయనే పట్టుబట్టాడు. నా మాట మీద ఆయనకు అనుమానమట!