ముద్ద ఆపిన చెయ్యి

మా అత్తగారు పోయారు. కార్తీకంలో ఓ పొద్దున్న కాఫీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్లిపోయారు. దువ్వాడలో మా వీధిలో సగం మందికి ఆవిడ ‘బూరి వాళ్ల మామ్మ’గానే తెలుసు. బూరి మా లాబ్రడార్. కూనగా వచ్చినప్పుడు వేయించిన బూరె రంగులో ఉందని ఆ పేరు పెట్టింది ఆవిడే.

ఆవిడ పుట్టిల్లు ఆనందపురం దగ్గర పల్లె. అక్కడ కుక్కంటే వాకిట్లో ఉండి మొరిగేది. మా బూరికి ఆ విద్యే అబ్బలేదు. గ్యాసు బండ తెచ్చినవాడికి కూడా తోకూపుతూ ఎదురెళ్లి, అతని చెప్పొకటి నోట కరుచుకుని లోపలికి తెచ్చేది. దొంగొస్తే దారి కూడా చూపిస్తుందని అత్తగారు ముక్కు మీద వేలేసుకునేవారు. అంటూనే దాన్ని తన పక్కన కూర్చోబెట్టుకునేవారు.

ఆవిడకో నియమం ఉండేది, ఆకలన్న నోటికి లేదనకూడదని. తన కంచంలో మొదటి ముద్ద తీసి పక్కన పెట్టాకే తినేవారు. బూరి వచ్చాక ఆ ముద్ద దానిదైంది. తర్వాత రెండోదీ, మూడోదీ. లాబ్రడార్‌కి కడుపు నిండడమంటూ ఉండదని మాకప్పటికి తెలీదు. గిన్నె నాకిన మరుక్షణమే ఎన్నాళ్లుగానో పస్తున్నట్టు మొహం పెడుతుంది. పెరుగన్నం, ఇడ్లీ, పండగనాడు గారెలు, అది చూసిందల్లా ఆవిడ పెట్టారు. బూరి పీపాలా తయారై వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది.

గాజువాకలో పశువుల డాక్టరు సూటిగానే చెప్పాడు. ఈ జాతికి తుంటి కీళ్లు అసలే బలహీనం, ఈ బరువు తగ్గకపోతే నడక పోతుంది, ప్రాణానికీ ముప్పే అన్నాడు. ఆటోలో వస్తున్నంతసేపూ అత్తగారు దాని తల ఒళ్లో పెట్టుకుని నిమురుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక నాతో అన్నారు.

“అడగడం దాని పనమ్మా. ఎంత పెట్టాలో సూసుకోడం నా పని. ఇకమీద దాని గిన్ని నానే పెడతాను, ఇంకెవులూ పెట్టకండి.”

పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ లేదనని చెయ్యి అది. మొదటి ముద్ద గోడ మీద కాకికి వెళ్లింది. భోజనాల వేళ బూరి ఆవిడ ఒళ్లో గడ్డం ఆనించి చూస్తుంటే ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగేవి. ముద్ద మాత్రం కిందికి దిగేది కాదు. కొలిచిన గిన్నె ముందు కూర్చోబెట్టి, తను ‘తిను తల్లీ’ అన్నాకే మూతి పెట్టేలా నేర్పారు. తన మోకాళ్ల నొప్పుల్తోనే సాయంత్రాలు స్టేషన్ రోడ్డు దాకా నడిపించేవారు. దారిలో ఎవరైనా జాలిపడి బిస్కెట్ ఇవ్వబోతే దండం పెట్టి ఆపేవారు.

ఏడాది తిరిగేసరికి బూరికి నడుమొచ్చింది. అది మళ్లీ మేడ మెట్లెక్కిన రోజున వీధంతా పిలిచి చూపించారు. ఆ రోజు మా అత్తగారిని చూసి నేను పడ్డ గర్వం ఇంతా అంతా కాదు. ఆ తర్వాత లాబ్రడార్ తెచ్చుకుందామనుకున్న వాళ్లు ఆవిడ దగ్గరికే సలహాకి వచ్చేవారు. అందరికీ ఒకటే మాట.

“కాపలాకైతే తాళం కొనుక్కో బాబూ. దాని మొకం సూసి కూడా వద్దనగలిగితేనే దీన్ని తెచ్చుకో.”

ఆవిడ పోయాక బూరి గిన్నె రాత్రి మేమంతా పడుకున్నాకే ఖాళీ అయ్యేది. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర మా ఆడపడుచు ఏడుస్తూ, అమ్మ ప్రాణమంతా దీని మీదేనంటూ ఆకులో అన్నం, బూరెలు వడ్డించి బూరి ముందు పెట్టింది. మేమెవరం ఆపలేదు. బూరి ఆకు ముందు బుద్ధిగా కూర్చుంది. మూతి నుంచి చొంగ కారి నేల తడుస్తోంది. ఆడపడుచు తినమని బతిమాలింది, మా ఆయన బతిమాలారు, నేనూ అడిగాను. అది మా వైపు చూడనైనా లేదు. ఖాళీ కుర్చీకేసి చూస్తూ, మాట ఇంకా రాలేదేమని అడిగినట్టు, తోకతో నేలని ఒక్కసారి మెల్లగా తట్టింది.