ఆకు కట్టల కింది కాగితం

మా మనవరాలు సెలవులకు వస్తే మధ్యాహ్నం పూట నా పక్కన చేరి ఫోన్‌లో సినిమా పెడుతుంది. ఏ సినిమా అయినా ఒకటే వరస. ఒక పెట్టె ఉంటుంది, లేదంటే ఒక రాయి, ఒక తాళపత్రం. అది చెడ్డవాడి చేతిలో పడితే లోకం బూడిద. హీరో దాన్ని జేబులో పెట్టుకుని రైళ్లెక్కుతాడు, గోడలు దూకుతాడు, అయినవాళ్లను ఒక్కొక్కరినే పోగొట్టుకుంటాడు. నవలల్లోనూ అంతే. నలభై అయిదేళ్లు దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. ఆకలిగొన్నవాళ్లలాగా దొరికిందల్లా చదివాను. ఎక్కడా ఒక్కడంటే ఒక్కడు ఆ మాయదారి వస్తువును మొదట్లోనే నాశనం చేసిన పాపాన పోలేదు.

"పొయ్యిల వడేస్తె అయిపోవు గదనే, గంత ఉరుకుడెందుకు?" అన్నాను పోయినేడు.

"కాలిస్తె కథ ఏముంటది బాపమ్మా? పది నిమిషాలకే లేచి ఇంటికి పోవాలె."

"గా హీరో పిసోడు."

"నువ్వైతే కాలుద్దువా?"

నా చేతిలో చుడుతున్న బీడీ విప్పుకుని తంబాకు ఒళ్లో పడింది. పిల్ల ఫోన్‌లోకి తల దించుకుంది. అది ఊరికే అడిగింది. నేను మాత్రం ఊరికే వినలేదు. ఎందుకంటే నేను కాల్చలేదు. ఎన్నో ఏళ్లు దాచాను.

మాది నిర్మల్ నుంచి భైంసా పోయే దారికి లోపలగా ఉన్న ఊరు. మగవాళ్లు పత్తి చేలకు పోతే ఆడవాళ్లం అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. నా ఒళ్లో చాట, కుడిపక్క ఆకు కట్టల గంప. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒకామె ఉండేది. మొగుడు లేడు, ఒక్కతే బిడ్డ. ఆమె కామెర్లకు పసరు పోసేది. ఆదివారం, గురువారం పొద్దున్నే పరగడుపున పోవాలి. ఏ ఆకో ఎవరికీ చెప్పేది కాదు. పైసలు తీసుకునేది కాదు. చెబితే, తీసుకుంటే మందు పనిచెయ్యదని ఆ పద్ధతి. మా వాడికి ఆరేళ్లప్పుడు కళ్లు పసుపు ముద్దలయ్యాయి. మూడు వారాలకు ఆమె పసరుతోనే లేచి తిరిగాడు. ఇది ముందే చెబుతున్నాను. తరువాత చెబితే నా మీద జాలిపడతారు. అది నాకొద్దు.

ఆ ఏడే ఊరి కమిటీ పెద్దమనిషి ఇంట్లో ఓ పసిబిడ్డ పోయింది. ఆ బిడ్డకూ పసరు పోయించారు. ఆకు పేరు చెప్పని ఆడది, మగదిక్కు లేనిది. ఇంకేం కావాలి? బాణామతి, చేతబడి చేస్తుందన్నారు. మా దిక్కు ఊరి కమిటీ ఒక మాట అనుకుంటే ఆ మనిషికి మంచినీళ్లు పుట్టవు. మాట్లాడినవాళ్లకు జరిమానా. కానీ ఊరికే అనుకుంటే చాలదు, కాగితం మీద రాయాలి. అందరి వేళ్లూ పడాలి.

ఆ పెద్దమనిషి నాకు మరిది వరస. ఒకనాడు పొద్దున సిరా డబ్బా పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు.

"వదినె, జర వేలు వెట్టు. నల్లా నీళ్ల కోసం దర్ఖాస్తు ఇస్తున్నం."

"మా ఇంటి ముంగటికి వస్తదా నల్లా?"

"నీ ఇంటి ముంగటికే మొదలు."

తంబాకు చేతిని కొంగుకు తుడుచుకుని బొటనవేలు ఒత్తాను. అందరమూ అట్లాగే ఒత్తేవాళ్లం. చదువు రానివాళ్లకు వేలు పెట్టడమంటే ఎదుటి మనిషికి మర్యాద ఇవ్వడం. ఏం రాసినవని అడిగితే నువ్వు దొంగవి అన్నట్టు. ఆ మర్యాదకే ఒక మనిషి బలైంది.

ఆ సాయంత్రమే ఊళ్లోకి పోలీసు జీపు వచ్చింది. కాగితం సంగతి ఎవరో చెప్పారట. మరిది రొప్పుతూ మా పెరటి తలుపు నుంచి వచ్చి కాగితం నా చేతిలో కుక్కాడు.

"దాసిపెట్టు వదినె. నీకు సదువు రాదు, నీ ఇంట్ల ఎవ్వలు దేవులాడరు."

"ఇది నల్లా కాయితమేనా?"

"అన్ని కలిపే ఉన్నయి. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆయనైనా దాన్ని అక్కడే చింపి బావిలో వేయొచ్చు కదా? వేయలేదు. ఇది నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. ఆ కాగితం ఉన్నన్నాళ్లే ఊరంతా ఒక్క మాట మీద ఉంటుంది. అది పోతే రేపు ఒకడు నాకు తెలియదంటాడు, ఇంకొకడు నేను లేనంటాడు, ఆయనొక్కడే మిగులుతాడు. సినిమాలో చెడ్డవాడు పెట్టెను పగలగొట్టకపోవడానికి కారణం అదే. వాడికి పెట్టె కంటే ఒంటరితనం భయం.

గంప అడుగున గోనె సంచి పరిచి ఉండేది. దాని మీద కాగితం పెట్టి, పైన ఎండు ఆకు కట్టలు పేర్చాను.

జీపు వచ్చినట్టే పోయింది. మూడో రోజు ఎండెక్కే పొద్దున ఆ పసరు పోసేటామె వచ్చింది. అప్పటికే ఆమెతో ఎవరూ మాట్లాడడం లేదు. అరుగు ఎక్కలేదు. కింద నిలబడింది.

"అక్కా, కాయితం నీ తాన ఉన్నదంటున్నరు."

నేను బీడీ చుడుతూనే ఉన్నాను.

"నా మీద ఏం రాసిన్రో నాకు తెల్వాలె. దాన్ని చింప. మండల్‌కు పోయి సదివిపిచ్చుకోని మల్ల నీకే తెచ్చిస్త. నీ పేరు చెప్పనక్కా."

"నా తాన లేదు చెల్లె."

"లేదా?"

"లేదంటిని గద. పో, ఎవలన్న సూస్తరు."

ఆమె నా ముఖం చూసింది. తరువాత నా కుడిపక్క చూసింది. చాలాసేపు ఏం కాదు, ఒక ఆకు కత్తిరించినంత సేపు. "కొడుకు మంచిగున్నడా?" అని అడిగింది. తలూపాను. వెళ్లిపోయింది. వారం తిరగకుండా బిడ్డను తీసుకుని ఇచ్చోడ బస్సెక్కింది. ఎక్కించడానికి ఎవరూ పోలేదు.

నల్లా కూడా రాలేదు.

కొన్నేళ్లకు ఓట్లలో నిలబడేటప్పుడు, అది బయటపడితే తన మీదికే వస్తుందని, మరిదికి కాగితం యాదికొచ్చింది.

"వదినె, అప్పటి కాయితం జర తీస్తవా?"

"ఎలుకలు కొరికినయి."

"నిజంగనా?"

"ఎలుకలతోని నాకు సుట్టరికమా, అబద్ధం చెప్పనీకి?"

ఆయన నవ్వలేదు. నా వంక అనుమానంగా చూశాడు. ఆ రోజు నుంచి దారిలో కనబడితే ఆగి, వదినె మంచిగున్నవా అని పలకరించేవాడు. పండగకు చక్కెర పంపించాడు. దాచిపెట్టింది భయంతోనే. కానీ ఆ తరువాత ఆ భయంలో తీపి కలిసింది. ఊళ్లో నన్ను చూసి జంకే మనిషి ఒకడున్నాడు, పూటకు కూలి చూసుకునే బీడీల ఆడదాన్ని చూసి. కాగితం కాల్చేస్తే ఆ 'మంచిగున్నవా' పోతుంది. సినిమా హీరోలు దీన్ని ఒప్పుకోరు. లోకం కోసం మోస్తున్నామంటారు. ఆ వస్తువు జేబులో లేకపోతే వాళ్ల వెంట ఎవడు పడతాడు?

మా కోడలు కాపురానికి వచ్చాక నాకు అక్షరాలు నేర్పింది. పలక తేలేదు. తునికాకు మీద కత్తెర మొనతో గీసి చూపేది. 'అ' గీసిన ఆకునే కత్తిరించి బీడీ చుట్టేదాన్ని. నా ఓనమాలన్నీ ఎవరెవరో కాల్చి పొగ చేశారు. రెండేళ్లకు బస్సుల మీది ఊర్ల పేర్లు వచ్చాయి. ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గంప ఖాళీ చేసి కాగితం తీశాను.

ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ఆమె పేరు, తండ్రి పేరు. ఫలానా పనులు చేస్తున్నదని. ఊరందరూ కలిసి తీర్మానించినారని. కింద మూడు వరసల వేలిముద్రలు. నాది ఆ వరసల్లో లేదు. ఆ వరసలకు పైన, విడిగా ఉంది. దాని పక్కన రాసి ఉంది: 'పై మంత్రం పనులను కళ్లారా చూసిన సాక్షి.' పక్కన నా పేరు.

ఊరందరూ ఒప్పుకున్నారు. చూసింది నేనొక్కదాన్నే.

పొయ్యి వెలిగించి కాగితం దగ్గరికి తెచ్చాను. ఒక అంచు గోధుమ రంగు తిరిగింది. లాగేశాను. లాగినందుకు ఆ రోజు ఒక కారణం చెప్పుకున్నాను, ఇది సాక్ష్యం, ఆమెకు అక్కరకొస్తుందని. ఇచ్చోడ బస్సు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మా క్రాస్‌రోడ్డు మీదుగానే పోయేది. బోర్డు చదవడం కూడా వచ్చింది. ఎక్కలేదు. పత్తి తీతలన్నాను, కోడలి కాన్పు అన్నాను. అట్లా ఆరేళ్లు గడిచాక ఆమె చనిపోయిందని కబురు వచ్చింది. మరిది కూడా పోయాడు. దాన్ని వెతికేవాళ్లెవరూ మిగల్లేదు. అయినా అది గంప అడుగునే ఉంది. ఆకు తీసే ప్రతిసారీ దాని అంచు బయటికి రాలేదు కదా అని నా చెయ్యి సర్దేది. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు.

పోయిన వానాకాలంలో ఒకామె గొడుగు ముడుస్తూ మా అరుగు ముందు నిలబడింది. నలభై దాటి ఉంటుంది. ముఖం చూడగానే నా వేళ్లు ఆగిపోయాయి. తల్లి ముఖమే.

"పెద్దమ్మా, నేను పసరు పోసేటామె బిడ్డను."

"పైకి రా బిడ్డా."

వచ్చింది. కూర్చుంది. నీళ్లిస్తే తాగింది. ఇచ్చోడలో రోడ్డు పక్కన ఇడ్లీ బండి పెట్టుకుందట. బాగానే నడిచేదట. మా ఊరివాడొకడు అటు పోతూ తిని, ఆమెను గుర్తుపట్టి, మంత్రగత్తె బిడ్డ చేతి తిండి అని పక్కవాళ్లతో అన్నాడు.

"గప్పటికెల్లి తినేటోళ్లు ఒక్కొక్కలే బందైన్రు. పొద్దుగాల వండింది పొద్దుగూకినంక బర్రెలకు వేస్తున్న. ఏం సూసి అన్నవ్ రా అని వాన్ని అడిగిన. ఊరోళ్లు రాసిచ్చిన కాయితమే ఉన్నది అన్నడు." నా కుడిపక్క చూసింది. "గా కాయితం నీ గంపల ఉన్నదని మా అవ్వ చెప్పింది."

"మీ అవ్వకెట్ల తెలుసు? నేను లేదంటి గద."

"ఆకుల కిందికెల్లి అంచు కనవడ్డదట."

అంటే ఆ రోజు ఆమె కింద నిలబడి, నా అబద్ధం విని, కాగితం అంచు చూసి, చెయ్యి చాపి లాక్కోకుండా, కొడుకు మంచిగున్నడా అని అడిగిపోయింది.

"మరి గుంజుకోకపాయె?"

"నేనూ గదే అడిగిన. అక్క ఇచ్చుడు వేరు, నేను గుంజుకునుడు వేరు అన్నది."

గంపలోంచి కాగితం తీశాను. తంబాకు పట్టి పచ్చబడి మడతల దగ్గర చిల్లులు పడింది. ఆమెకు చదువు వచ్చు. అయినా "నువ్వే సదువు పెద్దమ్మా" అంది. మొత్తం చదివాను, కళ్లారా చూసిన సాక్షి దాకా, నా పేరు దాకా.

"సూసినవా?"

"సూడలే."

"మరి గది రాయి. నీ చేత్తోని."

"కాల్చెయ్యమంటవనుకున్న."

"కాలిస్తె వాని నోరు కాలుతదా? కాయితం లేకుంటె వాడు ఏమన్న చెప్తడు. ఉంటెనే గద, అబద్ధమని రాసేటందుకు జాగ ఉంటది."

కోడలి పెన్ను తీసుకుని నా వేలిముద్ర కింద ఇట్లా రాశాను: నేను ఏమీ చూడలేదు. ఇది నల్లా కోసమని చెప్పి నా వేలు పెట్టించారు. మా కొడుకు ఆమె మందుతోనే బతికాడు. ఈ కాగితం నా దగ్గరే దాచి ఆమెకు లేదన్నాను. కింద నా పేరు సంతకం చేశాను. పైన ఉన్న ముద్రలో గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇప్పుడు నా బొటనవేలికి గీతల్లేవు, ఆకు అరగదీసింది. రేషన్ దుకాణం మిషన్ నా వేలును ఒప్పుకోదు. నా అసలు ముద్ర లోకంలో ఎక్కడన్నా ఉంటే ఆ అబద్ధం పక్కనే ఉంది.

ఆమె కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. నాకు దండం పెట్టలేదు, తిట్టలేదు. వాన తగ్గలేదు, ఆగమన్నా ఆగకుండా గొడుగు విప్పుకుని పోయింది.

పోయిన నెల మనవరాలు ఆదిలాబాద్ పోతూ ఆ బండి దగ్గర దిగి ఇడ్లీ తిన్నదట.

"ఎంతమంది ఉన్నరే?"

"నాతోని కలిపి నలుగురు. కాయితం అద్దంల పెట్టి బండి మీది డబ్బాకు ఆనిచ్చింది బాపమ్మా. నీ రాత అందరు సదువుతున్నరు."

"నన్ను ఏమన్న అడిగిందా?"

"ఆకు చుడుతున్నదా ఇంక అని అడిగింది."

చుడుతూనే ఉన్నాను. గంప అదే. అడుగున గోనె సంచి మీద కాగితం ఉన్న చోటు మాత్రం తంబాకు మరక పడక తెల్లగా ఉంది. కట్ట తీసిన ప్రతిసారీ నా చెయ్యి అక్కడికి పోయి, లేని అంచును ఆకులతో కప్పి వస్తుంది.