మునెమ్మ పచ్చ చీర

మునెమ్మను పనికి పెట్టుకున్న రోజు వాసవాంబ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"సముద్రం పక్క రాయపురం అంటా ఉండావు. చేపలు తింటావా?"

"తింటానమ్మా."

"ఈడికి వచ్చినాక స్నానం చేసి, వేరే చీర కట్టుకోవల్ల. ఆ వాసన మాకు పడదు."

నాటి నుంచి పదకొండేళ్లుగా, మద్రాసు జార్జి టౌన్‌లో పప్పుల వ్యాపారం చేసే వాసవాంబ వాళ్ల ఇంటి పెరటి గదిలో, ఒక మేకుకు మునెమ్మ నూలు చీరలు రెండు వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడున్నవాటిలో పచ్చది పాతది, నీలిది కొత్తది. వాసవాంబ మనుమలిద్దరు మునెమ్మ కొంగు పట్టుకునే నడక నేర్చారు. ఇప్పుడు మూడోవాడు, ఏడాదిన్నర విజయకుమార్, ఆమె చంక దిగడు.

తొంభై ఏడు మే నెలలో ఆ కుటుంబం పది రోజులకు ఏర్కాడు కొండకు బయలుదేరింది. తీసుకుపోవలసిన సామానుకు గుమాస్తా గోపాలస్వామి జాబితా రాశాడు: బియ్యం, కందిపొడి, కిరసనాయిలు స్టవ్వు, పాలసీసాలు, మునెమ్మ, ఫ్లాస్కు. పెద్ద మనుమడు దాన్ని పైకి చదివి పకపక నవ్వితే మునెమ్మ కూడా నవ్వింది. వస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు. అడగవలసిన విషయమని కూడా ఎవరికీ తోచలేదు.

ఆమె మాత్రం వాసవాంబ కోడలు వాసంతిని ఒక మాట అడిగింది. "శనివారం తిరిగొచ్చేస్తాం గదా చిన్నమ్మా?"

"శనివారానికే గదా చెప్పుండేది."

అడగడానికి కారణం ఉంది. కూతురు తంగమ్మకు నెలలు నిండుతున్నాయి. కిందటేడు తంగమ్మ కడుపు ఏడో నెలలో పోయింది. అప్పుడు మునెమ్మ ఇదే కుటుంబంతో ఊటీలో ఉంది. ఆమె ఇల్లు చేరేసరికి కూతురు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రెండు రోజులు ఇటు తిరగలేదు. ఈసారి ఆస్పత్రి గుమ్మంలో తానుండాలి. మునెమ్మకు ఉన్న కోరిక అంతే.

పచ్చ చీరను ఆమె ఆ బిడ్డ కోసమే ఎంచి పెట్టుకుంది. పుట్టిన బిడ్డకు మొదటి ఉయ్యాల అమ్మమ్మ కట్టి విడిచిన చీరతోనే కట్టడం వాళ్ల ఇంటి ఆచారం. ఎనిమిదేళ్లు ఉతికి ఉతికి ఆ చీర పువ్వులా మెత్తబడింది. అయితే కొండెక్కిన మొదటి రోజే, ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుని నీరసించిన విజయకుమార్ ఎంతకీ ఏడుపు మానకపోతే, ఆమె ఆ చీరనే దూలానికి కట్టి వాణ్ణి పడుకోబెట్టింది. పది రోజులే కదా అనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. మూడో రోజుకల్లా వాడు ఆ చీరలో తప్ప నిద్రపోననేశాడు.

తక్కినవారు సరస్సులో పడవ ఎక్కితే, స్వెట్టర్లు, పాలఫ్లాస్కు, చెప్పులు ముందు పెట్టుకుని ఆమె గట్టున కూర్చునేది. వాళ్లు మధ్యాహ్నం పడుకుంటే ఆమె ఉయ్యాల ఊపేది. కూర్చున్న చోటే కళ్లు మూతలు పడేవి. ఊపే చెయ్యి మాత్రం ఆగేది కాదు.

శుక్రవారం ఉదయం టిఫిన్ తింటూ వాసంతి భర్త వెంకట్రామ్ అన్నాడు. "మద్రాసులో ఎండ మండిపోతా ఉండాదంట. ఇంకో అయిదు దినాలు ఈడనే ఉందాం."

పిల్లలు చప్పట్లు కొట్టారు. మునెమ్మ పాలసీసాలు కడగడం ముగించి, చేతులు తుడుచుకుని, వచ్చి నిలబడింది.

"చిన్నమ్మా, నేను రేపు పోతాను."

"ఏడికి?"

"ఇంటికి. తంగమ్మకు దినాలు దగ్గర పడినాయి."

"దానికి టైముండాది మునెమ్మా. నాకు పది దినాలు లేటు కాలేదా?"

"మీకు మీ అమ్మ పక్కనే ఉండింది గదా చిన్నమ్మా."

పూలు కడుతున్న వాసవాంబ తలెత్తింది. "పిల్లోణ్ణి నిద్రపుచ్చేదెవరు? మీ అత్త వచ్చి ఊపుతుందా?"

"మా అత్త పోయి ఇరవై ఏండ్లాయ పెద్దమ్మా. పోయినేడు ఊటీలో కూడా మీరు ఇంకో నాలుగు దినాలన్నారు. నేను ఉన్నాను."

ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో ఆ గదిలో పెద్దలందరికీ తెలుసు. వాసవాంబ దండ ముడి వేసి, దారం తెంపింది.

"సెరి, పో," అంది వాసంతి చివరికి. "ఆ చీర మాత్రం ఉంచిపో. అది లేకుంటే వాడు పడుకోడు."

"అది తంగమ్మ బిడ్డకని..." మొదలుపెట్టిన మాట మునెమ్మ మింగేసింది. ఒక్క రోజులో రెండు అడిగే అలవాటు ఆమెకు లేదు.

మర్నాడు ఉదయం మొదటి బస్సుకు బయలుదేరేటప్పుడు వాడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. ఆమె చీర అంచును వాడి కాళ్ల మీదికి సర్ది, తలుపు చేరవేసి వచ్చింది. సేలంలో బస్సు మారితే సీటైతే దొరికింది గానీ, పక్కన నిలబడ్డ ఎవరో ఇల్లాలు, కాస్త పట్టుకో అక్కా అంటూ తన బిడ్డను ఒళ్లో పెట్టింది. విళుపురం దాకా మునెమ్మ ఆ బిడ్డను మోసింది.

సాయంత్రం ఆమె వీధి మొదట్లోకి రాగానే ఎదురింటావిడ ఆస్పత్రికి పొమ్మంది. గేటు దగ్గర అల్లుడు జయరామ్ నిలబడి ఉన్నాడు. "పొద్దున్నే తెచ్చినాం అత్తా. నీ కోసమే అడుగుతా ఉండాది."

కాన్పు గదిలోకి తీసుకుపోతున్న తంగమ్మ చెయ్యి ఆమెకు గుమ్మంలోనే అందింది.

"అమ్మా, వచ్చినావా మా?"

"వచ్చినాను కణ్ణు, నా తల్లీ. ఈడనే ఉంటాను."

తలుపు మూసుకుంది. మునెమ్మ వరండాలోని సిమెంటు బల్ల మీద కూర్చుంది. లోపలి నుంచి కూతురి కేక ఒకటి విన్నది. రెండోది వినలేదు.

నర్సు భుజం తట్టి లేపింది. "ఏం అవ్వా, మనవరాలు పుట్టి గంటాయ. ఎంత లేపినా లేవవే."

తంగమ్మ మంచం మీద వాడిపోయి ఉంది. తల్లిని చూసి ముఖం ఇటే తిప్పింది. "ఏడికి పోయినావు?"

"ఈడనే. నిద్రపోయినాను."

"నేను అట్ల అరస్తా ఉంటే నిద్రపోయినావా?"

"నిద్రపోయినాను."

తంగమ్మకు నవ్వు వచ్చింది. నవ్వితే నొప్పి పుట్టి ఆగింది. "పచ్చ చీర ఏది మా?"

"కొండ మీద ఉండాది. ఆడ ఆ పిల్లోడు దాంట్లో నిద్రపోతా ఉంటాడు."

తంగమ్మ చెయ్యి చాచి తల్లి కట్టుకున్న నీలి చీర కొంగును వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది కడతాం. కొంచెం గరుగ్గా ఉండాది, అంతే."

"ఉతికితే మెత్తబడతాది."

"అది రేపు చూస్తాంలే. నువ్వు పడుకో మా."

మంచం పక్కన నేల మీద ఒక మనిషికి చోటుంది. మునెమ్మ బిడ్డను తల్లి పక్కకు జరిపి, కొంగు పరుచుకుని, అక్కడ పడుకుంది.