గుడాకు డబ్బీ పెట్టుకునే చోటు

మా వదిన గుడాకు డబ్బీని జాకెట్టులో ఎడమవైపు దోపుకునేది. మా ఊరు చమఖండి నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఛత్రపూర్ బజారుకు వెళ్లే ఆడవాళ్లం అందరం అంతే. చేతులు గంపకే సరిపోతాయి. పళ్లకు రాసుకునే ఆ పొగాకు ముద్ద లేనిదే బేరం దగ్గర నోరు పెగలదు.

ఒకరోజు గంపలు కడుగుతూ ఆమె నా చెయ్యి పట్టుకుని రొమ్ము మీద పెట్టుకుంది.

"సూడమ్మీ, డబ్బీ ఒత్తుకుని కాయ కాసీసింది."

నొక్కి చూశాను. చింతపిక్కంత ఉంది. గట్టిగా, కదలకుండా.

"నొప్పేటి?"

"నేదు."

"నొప్పి నేకపోతే బయమేటి? డబ్బీ కుడిపక్క ఎట్టుకో, అదే అణుగుద్ది. గుడాకు మానమంటే మా అన్న మాటే ఇన్లేదు నువ్వు, నా మాటింటావేటి?"

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాటి నుంచి డబ్బీ కుడివైపుకు మారింది.

తర్వాత కరోనా వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బజారు మూశారు. సూరత్ మిల్లుల నుంచి తిరిగొచ్చిన మా మగవాళ్లను ఇళ్లకు రానివ్వకుండా బడిలోనే ఉంచేశారు. బరంపురం ఆసుపత్రికి వెళితే శవం కూడా ఇంటికి రాదని ఊళ్లో అనుకునేవారు. ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వచ్చి, గుమ్మం బయటే నిలబడి, జ్వరముందా, దగ్గుందా అని అడిగేది. వదిన కొంగు నిండుగా లాక్కుని, "జొరం నేదు, దగ్గు నేదు" అనేది. ఆవిడ రాసుకుని వెళ్లిపోయేది.

నేను పక్కనే ఉండేదాన్ని. పిక్క నిమ్మకాయంత అయిందని నాకు తెలుసు. చెబితే ఆమెను ఎక్కడికో తీసుకుపోతారని భయపడ్డాను. అది నిజమే. దాని కింద ఇంకో భయం కూడా ఉంది. మొదట చూసిందెవరని అడుగుతారు కదా.

బస్సులు తిరిగాక బరంపురం వెళ్లాం. అప్పటికి చర్మం లోపలికి లాక్కుపోయింది, చంకలోనూ గడ్డలు తేలాయి. ఇన్నాళ్లూ ఏం చేశావని డాక్టరు కోప్పడ్డాడు. వదిన నావైపు చూడకుండా, బస్సులు లేవని మాత్రం చెప్పింది.

మందులు ఎక్కించుకుంటూ ఒక వానాకాలం గడిపింది. రెండోది చూడలేదు.

ఆ పిక్క నా వేళ్లను వదలలేదు. పిండిలో ఉండ తగిలితే చెయ్యి ఆగిపోతుంది. ఈ వయసులో కోడలి దగ్గర అక్షరాలు దిద్దినప్పుడు బలపం పట్టుకున్నదీ ఆ వేళ్లతోనే.

మొన్నామధ్య ఒక పొద్దున్న వదిన కూతురు వచ్చింది. వాకిట్లో ఎవరూ లేరని చూసుకుని, రొమ్ము మీద కొంగు తప్పించి మెల్లగా అంది.

"అత్తా, ఓపాలి సెయ్యెట్టి సూడు."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నా సేతికేటి తెలుసు? సీర మార్సుకో, బరంపురం ఎల్దాం."

"ఇప్పుడేటి? పొయ్యి మీద కూరుంది."

"దించీ."

ఆసుపత్రిలో స్కానింగు తీశారు, సూదితో నీరు తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా వారం రోజులు నాకు అన్నం సహించలేదు. మళ్లీ వెళితే, చెడ్డ గడ్డ కాదన్నారు. తల్లికి వచ్చిన జబ్బు కాబట్టి ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

తిరుగు బస్సులో ఆమెకు చెప్పేశాను.

"మీ అమ్మని బయమేటి, డబ్బీ కుడిపక్క ఎట్టుకోమన్నది నేనే."

ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"తెల్సత్తా. అమ్మ సెప్పింది. నిన్నడగొద్దంది."

"మరి నా కాడికెందుకొచ్చావే?"

"ఇంకెవులైనా రేపు సూద్దుమందురు."

ఛత్రపూర్‌లో బస్సు ఆగింది. దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను వేళ్లు ముడుచుకునే ఉన్నాను.