తొమ్మిదిమంది పండితుల చూపు

దేవదాస్ చేసిన పని ఒక్కటి కూడా భూమ్మీద మిగల్లేదు. పద్దెనిమిదేళ్ళుగా కోరుట్లలో లింగన్న షెడ్డులో గణపతులకు కళ్ళు పెడుతున్నాడు. ఎంత బాగా పెట్టినా పదకొండో రోజున నీళ్ళపాలే. ఒకప్పుడు సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసినవాడు. పరుగెత్తే సాంచె మీద తెగిన పోగును రెండు వేళ్ళతో పట్టిన చెయ్యి అది, వణకదు. అతను ఆదివారం చర్చికి పోతాడనీ, తంగళ్ళపల్లిలో ఏ వాడ మనిషనీ ఏ గణపతీ అడగలేదు. లింగన్న కూడా అడగలేదు.

అడిగేవాళ్ళు జగిత్యాలలో ఉన్నారు.

జగపతి రావు ఒకనాటి దొరల ఇంటివాడు. కాకతీయుల కాలంలో తమ పూర్వీకులు పండితులకు మాన్యాలిచ్చి పోషించారని ఆయన చెబుతాడు. ఆ కాగితం చూసినవాడు ఇంతవరకూ పుట్టలేదు. అయినా షష్టిపూర్తికి ఆ పండితుల సభను హాల్లో అద్దాల బీరువాలో నిలబెట్టాలని ఆయనకు మోజు పుట్టింది. హైదరాబాదులో మిషను మీద తొమ్మిది ప్లాస్టిక్ బొమ్మలు పోయించాడు. ఒక్కొక్కటీ చూపుడు వేలంత. తాటాకుల కట్ట పట్టుకున్న ముసలాయన, మూలికలు నూరే వైద్యుడు, వేళ్ళు మడిచి లెక్క కట్టే జ్యోతిష్కుడు, చెయ్యెత్తి వాదించే తార్కికుడు, ఇంకా ఐదుగురు. అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. రంగులకు దేవదాసును పిలిపించాడు.

"మంచిగ చెయ్యిరా. కింద ఇత్తడి పలక మీద నీ పేరు చెక్కిపిస్త," అన్నాడు.

ఆ మాటతో దేవదాస్ కడుపు నిండిపోయింది. ఇంటికి పోయి చెబితే, ఇంటర్ చదివే కూతురు సుస్మిత ఎగిరి గంతేసింది.

"గిది నీళ్ళల్ల కలవది గద బాపూ! నా దోస్తులను తీస్కపోయి చూపిస్త."

రెండు నెలలు జగిత్యాల బస్సెక్కాడు. కారు నిలిపే షెడ్డులో కూర్చోబెట్టారు. హాలు గడప తొక్కనివ్వలేదు. చాయ్ గ్లాసు వేరే ఉండేది, తాగినాక కడిగి గోడ మీద బోర్లించి పోవాలి. అదంతా అతని లెక్కలోకి రాలేదు. అతని ప్రాణమంతా కళ్ళ మీదే ఉంది. కళ్ళు ఎప్పుడైనా చివరే పెట్టాలి, తొమ్మిదింటికీ మధ్యలో లేవకుండా ఒకే విడతలో పెట్టాలి. ఎవరు ఎటు చూడాలో బస్సులోనే ఆలోచించుకున్నాడు. అందరి చూపూ వాదించే తార్కికుడి మీద ఉండాలి. తార్కికుడు మాత్రం ముసలాయన వైపు చూడాలి, ఏమంటాడోనన్న భయంతో. ఆవగింజంత కంటిలో ఆ భయం పలికించాలి. అందుకని బ్రష్షులో మూడు వెంట్రుకలు మిగిల్చి తక్కినవి కత్తిరించాడు.

షష్టిపూర్తి రోజు పొద్దున బ్రష్షు తీసేసరికి దొరసాని శారద వచ్చింది.

"ఆగు దేవదాసూ. వీళ్ళంత పండితులు. కండ్లు పెట్టుడంటే పానం పోసుడే. గా పని మనింటి చేత్తోటి కావాలె. భవ్య పెడ్తది. గా బ్రష్షు గిట్ల ఇయ్యి."

ఎంత మెత్తగా చెప్పిందో! మెత్తని కత్తి కూడా కోస్తుంది. గణపతికి లేని పట్టింపు ప్లాస్టిక్ పండితులకు వచ్చింది. దేవదాస్ బ్రష్షు ఇచ్చేశాడు.

జగపతి రావు కూతురు భవ్య ముహూర్తానికి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో బ్రష్షు పట్టుకుని పది నిమిషాల్లో తొమ్మిదిమందికీ కళ్ళు పెట్టేసింది. తార్కికుడు తన ముక్కును తానే చూసుకుంటున్నాడు. వైద్యుడికి ఒక కన్ను నుదుటి మీదికి పోయింది. ముసలాయన కన్ను కారి గడ్డంలో కలిసింది. బీరువాలో "రంగులు: కుమారి భవ్య" అని అట్టముక్క పెట్టారు. కిటికీ అవతలి నుంచి దేవదాస్ అది చదివాడు.

చుట్టాలొచ్చారు. ఒకాయన అద్దంలోకి వంగి చూసి పకపకా నవ్వాడు.

"ఏంది బావా, గీయన పండితుడా, కల్లు తాగినోడా?"

హాలంతా నవ్వింది. భవ్య ముఖం ఎర్రబడింది. జగపతి రావు బిడ్డను చూశాడు, తర్వాత కిటికీ వైపు చూశాడు.

"దేవదాసూ! లోపటికి రా."

రెండు నెలల్లో మొదటిసారి అతను ఆ గడప దాటాడు.

"ఇగో, వీడే ఏసిండు. పెద్ద పనిమంతుడన్నరు, నమ్మి ఇచ్చిన."

అందరూ అతని వైపు తిరిగినప్పుడు శారద అట్టముక్క తీసి కొంగులో దాచింది. దేవదాస్ భవ్య వైపు చూశాడు. ఆమె ఫోను చూసుకుంటోంది. పట్టుబట్టల మధ్య ఒంటరిగా నిలబడినవాడికి నోట్లో నాలుక ఉన్నా లేనట్టే. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

చుట్టాలు భోజనాలకు కదిలాక చేతులు జోడించాడు.

"దొరా, ఒక్క గంట ఇయ్యుండ్రి. కండ్లు సక్కగ చేస్త."

"ముహూర్తంల పెట్టిన కండ్లు మళ్ళ ముట్టుకుంటరారా? పో, తిని పో."

నాలుగో రోజు ఇత్తడి పలక బిగించారు. "రంగులు: దేవదాస్, తంగళ్ళపల్లి." అన్నమాట తప్పే మనిషి కాదు జగపతి రావు. ఆ పలకా, పైన మెల్లకళ్ళ పండితులూ కనబడేలా ఎవరో తీసిన ఫొటో వాట్సాప్‌లో జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి సిరిసిల్లకు తిరిగింది. సుస్మిత కాలేజీలో ఎవరో దాన్ని ఆమెకే చూపించారు. ఆ సాయంత్రం ఆమె తండ్రికి అన్నం పెట్టి, పుస్తకం తీసుకుని అవతలికి పోయింది.

"కండ్లు మసకలైనయా దేవదాసూ?" అన్నాడు లింగన్న. జరిగింది చెబితే వింటూ తలూపాడు, కానీ నమ్మలేదు. "గట్లనే ఉంటది తీ. ఈ ఏడు నువ్వు అడుగు రంగులు చూడు."

ఇప్పుడు కళ్ళు లింగన్నే పెడుతున్నాడు. దేవదాస్ పీటలకు రంగేస్తాడు, ఎలుకలకు బూడిద రంగు పూస్తాడు. ఎలుక కళ్ళు కూడా లింగన్నే పెడతాడు.