తాడు కోసిన అధ్యాయం

మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. నేను ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అంకుల్ ఎంత పిలిచినా లేవట్లేదే" అన్నారు. టాక్సీలో సింగపూర్ ఉత్తరపు అంచున మేముండే వుడ్‌ల్యాండ్స్ చేరేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆయన గురించి రాస్తేనైనా మనసు కుదుటపడుతుందేమోనని కూర్చున్నాను.

ఆయనది గోదావరి మన్యం. వయసులో ఉండగా అడవిలో కొట్టిన వెదురునూ కలప దుంగలనూ తెప్పలుగా కట్టి, పాపికొండల మధ్యనుంచి రాజమండ్రి దాకా నీటి మీద నడుపుకొచ్చేవారట. దారిలో ఇసుకతిన్నెల మీద మకాం, అడవిపందుల వేట. తర్వాత ఇక్కడికి, సింగపూర్, వచ్చి కలప మిల్లులో పనిచేశారు. రిటైరయ్యాక అడవిపందుల మీద ఒక పుస్తకం, వేట మీద ఇంకొకటి రాసి రాజమండ్రిలో అచ్చు వేయించారు. మూడోది తెప్పల బతుకు మీద. చేతులు వణికి కలం పట్టలేకపోతుంటే, ఆదివారాలు ఆయన చెప్పేవారు, నేను కంప్యూటర్‌లో టైప్ చేసేదాన్ని.

నేనిక్కడికి వచ్చి మూడేళ్లయింది. ఈలోగా మూడు కంపెనీలు మారాను. మా ఐటీ వాళ్లందరిదీ అదే వరస; ఉన్న సీటు వేడెక్కకముందే పక్క సీటు మీద కన్ను. ఆయనా నిలకడగా కూర్చునేవారు కాదు. హాల్లో ఈ గోడనుంచి ఆ గోడకి నడుస్తూనే చెప్పేవారు. "నీళ్ల మీద బతికినోణ్ణమ్మాయ్, కాళ్లాడకపోతే నాకు నోరాడదు" అనేవారు.

ఒకసారి నేను సొంతంగా "క్రూరమైన పంది" అని కొట్టాను. ఆయన వినగానే ఆగిపోయారు.

"దానికి కోపం కాదమ్మా, భయం. పందిని రాసేటప్పుడు పందికి అన్యాయం చెయ్యకూడదు."

ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లమ్మాయి సోఫాలోంచి, సింగపూర్ యాసలో, "పా, పందుల బుక్ ఎవరు చదువుతారు లా!" అంది.

"పందులెలాగూ చదవవు కదమ్మా. ఎవరో ఒకరు చదవాలి" అని నవ్వారు.

ఇసుకతిన్నె మకాం అధ్యాయం దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. రెండు ఆదివారాలు ఒంట్లో బాగాలేదన్నారు. మూడో ఆదివారం ఆయనే తలుపు తట్టారు.

"వేట పుస్తకంలో నేనొక అబద్ధం రాశానమ్మాయ్."

ఆ పుస్తకం నేను చదివాను. దెబ్బతిన్న ఏకలం, అంటే ఒంటరిగా తిరిగే ముసలి మగపంది, తెప్ప మీద ఆయనతో పనిచేసే జతగాడి మీద పడుతుంది. ఈయన బల్లెంతో అడ్డం పడతారు. అయినా అతను దక్కడు.

"బల్లెమూ లేదు, అడ్డం పడ్డమూ లేదు," అన్నారు. "పంది మీదికొస్తంటే ఇద్దరం తెప్పకేసి పరిగెత్తాం. ముందు నేనెక్కాను. వాడింకా ఇసకలోనే ఉన్నాడు. కత్తి తీసి, ఒడ్డున చెట్టుకున్న కట్టుతాడు కోసేశాను. ఏరు లాక్కుపోయింది. దిగువన ఒడ్డున పడి, నడిచి వెనక్కొచ్చేసరికి వాడు ప్రాణంతో లేడు."

"ఎవరికీ తెలియదు కదా అంకుల్, ఇప్పుడెందుకు?" అన్నాను.

"వాడి చెల్లెలు ఆ పుస్తకం చదివింది. మా అన్న కోసం ప్రాణానికి తెగించావని నాకు ఉత్తరం రాసింది. అది వచ్చినకాడ్నించి అన్నం సయించట్లేదు. ఉన్నదున్నట్టు కొట్టమ్మా."

కొట్టాను. గుమ్మంలో నిలబడి అంతా విన్న ఆంటీ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తాడు కోసినందుకు కాదట. ఇన్నేళ్లు తనతో చెప్పనందుకు.

ఆ కాగితాలు చెల్లెలికి పోస్టు చేశాం. ఆ తర్వాత ఆయన్ను చూడలేకపోయాం. రోజుకు నాలుగుసార్లు లిఫ్ట్ దిగి ఉత్తరాల పెట్టె తెరిచేవారు. మలేషియాకి దారితీసే కాజ్‌వే వంతెన దాకా నడిచి, చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చేవారు. ఆంటీ వద్దన్నా వినలేదు. నాకూ ఆఫీసులో బుర్ర పనిచేసేది కాదు.

జవాబు వచ్చాక కవరు చింపడానికి ఆయన చేతులు రాలేదు. నేనే చదివాను.

"అన్నయ్యా, ఒడ్డున చెట్టుకి మిగిలిన తాడుముక్క మా నాన్న ఆ రోజే చూశాడు. కత్తికోత తెలియనివాడా? నీ అంతట నువ్వు చెబుతావని చూసి చూసి పోయాడు. నీ పుస్తకం చూశాక, పొగిడితేనన్నా సిగ్గుపడి నిజం చెబుతావని ఆ ఉత్తరం రాశాను. మనసులో కోపం లేదనను. కానీ మా అన్నని చివరిరోజు చూసినవాడివి నువ్వొక్కడివే. చావు గురించి రాశావు. ఆ పొద్దున వాడేం చేశాడో, ఏమన్నాడో అదీ రాయి."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. ఆంటీ వచ్చి పక్కన కూర్చుని, "రాయండి. అమ్మాయి ఉందిగా" అన్నారు.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆ పేజీ చెప్పారు. అంతవరకే అయింది. నిన్న దాన్ని చెల్లెలికి పంపాను. మీకూ ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొద్దున తెప్ప కొండల మధ్యకి వచ్చింది. జతగాడు ఏట్లో మునిగి లేచి, తడి జుట్టుతోనే వెదుళ్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాళ్లు నీళ్లలో వేలాడుతున్నాయి. రెండు పక్కలా కొండలు మెల్లగా వెనక్కి పోతుంటే వాటికేసి వేలు చూపించాడు.

"మనం కదలట్లేదురా. ఒట్టు. అయ్యే నడుస్తున్నాయి, చూడు."