ఇత్తడి గొట్టం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆ మధ్యాహ్నం నా చెవులతో విన్నదాన్ని వినలేదని ఎలా చెప్పను?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మా నాన్న నేవీ సరుకు ఓడలో బొగ్గు వేసే పని చేసేవాడు. మందుగుండు, బియ్యం, పెట్రోలు పీపాలు మోసిన ఓడ అది. ఒక ప్రయాణంలో ఇంజను గదిలో మంటలు లేచాయి. ఓడ బయటపడింది, నాన్న మాత్రం రాలేదు. రేవులో దిగి పారిపోయాడని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

అమ్మ ఆ ఆఫీసుకు వెళ్లింది. గుమస్తా మొగుడి పేరు చెప్పమన్నాడు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. "మా గుంటడి బాబు" అంది అమ్మ, మా పిల్లాడి నాన్న అని. మొగుడి పేరే తెలియదా అని నవ్వి పంపేశాడు వెధవ. ఇక ఊళ్లోవాళ్లయితే, అమ్మ బొట్టు చూసినప్పుడల్లా నాన్నకు రంగూన్‌లో రెండో పెళ్లాం ఉందన్న సంగతి ఎత్తేవారు.

యుద్ధం అయ్యాక ఆ ఓడను ఎవరికో అమ్మేశారు. ఏళ్ల తరబడి మాంగనీసు రాయి మోసింది. అరవైల చివర్లో విశాఖలో విరగ్గొడితే, కొంత తుక్కు చీపురుపల్లిలో నేను పనిచేసే పాత ఇనుము కొట్టుకు వచ్చింది.

అందులో ఒక ఇత్తడి గొట్టం. పైనున్న అధికారి ఇంజను గదిలోవాళ్లతో మాట్లాడేది దాంట్లోంచే. దాని మీద ఓడ పేరు చెక్కి ఉంది. అమ్మ దాచుకున్న కాగితంలోని పేరే. మూరెడు ముక్క, రెండో చివర నలిగి మూసుకుపోయింది. సన్న తీగ పెట్టి చూశాను, దూరలేదు.

నాకు అన్నం తెచ్చిన అమ్మకు చూపించాను. నా చేతిలోంచి లాక్కుని నోటి దగ్గర పెట్టుకుంది.

"ఒరే అప్పన్నా, ఎక్కడికి పారిపోనావురా?"

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట నాన్న పేరు వినడం అదే మొదటిసారి.

గొట్టంలోంచి మాట వచ్చింది. "ఎక్కడికి పోతానే? తలుపేసేసినారు."

చుట్ట కాలుస్తున్న షావుకారు లేచి వచ్చాడు. "ఎవుడ్రా లోపల? తలుపెవుడేసినాడు?" అని గోదాము వైపు చూశాడు. గోదాము తలుపు బార్లా తీసే ఉంది.

అమ్మ ఏడవలేదు. కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. "నా మొగుడు పారిపోనేదు, సచ్చిపోనాడు. పోయి ఊరందరికీ సెప్పు" అంది నాతో.

తర్వాత ఎన్నిసార్లు పిలిచినా గొట్టం పలకలేదు. మూసుకుపోయిన ఇత్తడిలోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. మంటలు పైకి పాకకుండా ఇంజను గది తలుపు వేసినవాళ్లకు మాత్రం నాన్న ఎక్కడున్నాడో ఆ రోజే తెలుసు. తెలిసే ఆ కాగితం రాశారు.